క్రాన్‌బర్న్ ఇనుము, విశాఖ రాయి

క్రాన్‌బర్న్ పేరు సైన్సు పుస్తకాలకు ఎక్కింది ఇక్కడ దొరికిన ఇనుప ఉల్కల వల్ల. 1854 నాటికే వీటి సంగతి బయటపడింది. అన్నిటికన్నా పెద్దది మూడున్నర టన్నులు. దాన్ని లండన్ పట్టుకుపోయారు.

ఆ ఇనుములో కోహెనైట్ అనే ఖనిజం ఉంది. ఇనుము, కార్బన్ కలిసి, కాస్త నికెల్ చేరినది. మెల్‌బోర్న్‌లో పుట్టిన రింగ్‌వుడ్ (మన రైల్వే స్టేషన్ కాదండోయ్, శాస్త్రవేత్త!) 1960లో ఒక వాదన చేశాడు. తక్కువ ఒత్తిడిలో కోహెనైట్ నిలవదు, ఇనుముగా, గ్రాఫైట్‌గా విడిపోవాలి. విడిపోలేదు కనుక ఇది చాలా పెద్ద గోళం లోపల, విపరీతమైన ఒత్తిడిలో పుట్టింది అన్నాడు. 1964లో లిప్‌షుట్జ్, ఆండర్స్ కాదన్నారు. విడిపోవడం మహా మందకొడి వ్యవహారం, తక్కువ ఒత్తిడిలోనూ అది అలాగే మిగిలిపోవచ్చన్నారు. వీళ్ళ మాటే నిలిచింది. నా లెక్కలో రింగ్‌వుడ్ గొప్పతనం దీనివల్ల తగ్గదు. ప్రశ్న వేసింది ఆయనేగా.

అందుకే రాళ్ళ దగ్గర ఒక్క ఖనిజాన్ని నమ్మరు, పక్కపక్కన ఉన్నవాటిని కలిపి అడుగుతారు. మన విశాఖ కొండల ఖోండలైట్ చూడండి. అందులో ఎర్రటి గార్నెట్, సిల్లిమనైట్, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ ఉంటాయి. గార్నెట్, నల్ల అభ్రకం పక్కపక్కన ఉంటే ఇనుము, మెగ్నీషియం పంచుకుంటాయి. ఆ వాటాలు వేడిని బట్టి మారతాయి. ప్లాజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్ కూడా ఉంటే, కాల్షియం దానిలో ఎంత, గార్నెట్‌లో ఎంత అని కొలిచి ఒత్తిడి చెబుతారు. ఒత్తిడి తెలిస్తే లోతు తెలిసినట్టే. ఈ కొలతలు తీసేది ఎలక్ట్రాన్ ప్రోబ్. వెంట్రుక మందం కన్నా చిన్న చుక్కలో మూలకాలు లెక్కపెడుతుంది.

ఇక్కడా ఒక చిక్కుంది. రాయి చల్లారుతున్నా ఇచ్చిపుచ్చుకోవడం కొంతకాలం సాగుతూనే ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, పాత లాగ్ మీద కొత్త లాగ్ రాసేసినట్టు. కాబట్టి గార్నెట్ అంచు తరచు అసలు వేడికన్నా తక్కువే చూపిస్తుంది. అలాంటప్పుడు ఏయే ఖనిజాలు కలిసి పుట్టాయో చూస్తారు. పాడేరు రాళ్ళలో సాఫిరిన్, పలుగురాయి జంటగా పెరిగాయి. 1987లో అచ్చయిన పరిశోధనలో ఈ రాళ్ళ సంగతి వివరంగా ఉంది. ఆ జంట పుట్టాలంటే 900 డిగ్రీలు దాటిన వేడి కావాలి. మనం కాఫీ తాగడానికి ఆగే ఆ కొండలు ఒకప్పుడు భూమిలో సుమారు పాతిక కిలోమీటర్ల లోతున, అంత వేడిలో ఉన్నాయి.