కళ్లము నేర్పిన సమదృష్టి



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పెద్దలకు కళ్లము తెలియనిది కాదు. యంత్రములు రాకమునుపు నూర్చిన ధాన్యమును చేటతో ఎత్తి, గాలివాలున జారవిడిచెడివారు. గట్టిగింజ చెంతనే రాశిపడును. తాలు, పొల్లు దూరముగా కొట్టుకొనిపోవును.

దీనిని చూచి, బరువైనదానిని భూమాత త్వరగా దరిచేర్చుకొనుననియు, తేలికదానిని ఉపేక్షించుననియు తలంతుము. అది పొరపాటు. 1971 ఆగస్టులో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్, గాలిలేని చంద్రునిపై ఒక సుత్తిని, ఒక డేగ ఈకను ఒకేసారి జారవిడిచెను. రెండును కలిసియే నేలను తాకినవి. ఇచ్చటను గాలియే లేకున్నచో, పడు ప్రతి వస్తువునకును క్షణక్షణమునకు వేగము సమానముగనే పెరుగును; సెకనుకు సెకనుకు సుమారు 9.8 మీటర్లు. అడ్డుపడునది గాలి. తాలుగింజ చూపునకు గట్టిగింజవలెనే యుండును గాని, లోపల బియ్యము లేదు. కావుననే గాలిత్రోపునకు నిలువజాలదు.

కష్టము వచ్చినపుడు "స్వామి అందరిని దరిచేర్చుకొనెను, నన్ను మరచెను" అని మనలో ఎందరో కుమిలిపోవుదురు. ఆ ఆకర్షణ అందరికిని సమానమే. నడుమనున్న గాలిని చూడుడు: అది మన కోరికలు, మన కోపతాపములు. లోపల సారము నింపుకొనుట మన పని.

అట్లని పొరుగువానిని పొల్లని నిందింపరాదు. ఆనాటి రైతు పొల్లును గూడ మట్టిలో కలిపి గోడలకు మెత్తెడివాడు గదా!

స్వస్తి.