జంటమాటల సాధన



2006 నాటి చట్టంతో మన జూజువాడి పిల్లలకు బడిలో తమిళం తప్పనిసరి అయినది. విడిమాటలు వారికి త్వరగానే పట్టుబడుతున్నవి. చిక్కంతా మాటల జతలోనే. మనకు దాహం “వేస్తుంది”. తమిళంలో “దాగం ఎడుక్కిరదు”, అనగా దాహం తీసుకుంటుందట! మన “వేయు”ను “పోడు” అని మార్చి పలికితే తోటిపిల్లలు నవ్వుతారు. దగ్గరి భాషలతో వచ్చే తంటా ఇదే.

ఇట్టి జతలను పరీక్ష ముందురాత్రి నలభైమార్లు వల్లెవేస్తే తెల్లవారి ఒప్పజెప్పవచ్చును. నెల తిరిగేసరికి చాలవరకు జారిపోతవి. ఎడమిచ్చి చేసిన వల్లె ఎక్కువగా నిలుస్తుందని జర్మనీ పండితుడు ఎబ్బింగ్‌హౌస్ తన మీదనే పరీక్షించుకొని 1885లోనే చూపినాడు.

ఈ ఉగాది నుండి మనమూ ఆ నలభైని విడదీద్దాము: నేడు పది, ఎల్లుండి పది, పైవారం పది, వచ్చేనెల పది. నడుమ పిల్లవాడు తడుముకొంటే వెంటనే అందించవద్దు. కొంతసేపు వెతుక్కోనిచ్చి, అప్పుడు చెప్పండి.