పత్తిని చూడకుండ బండిని చూసి ధర కట్టినట్టు

(కాలేజీల ర్యాంకులు, అధ్యాపకుల బోధన అనే అంశం మీద కరీంనగర్‌లో విద్యార్థులు, అధ్యాపకులు కలిసి పెట్టుకున్న సభలో ఒక రిటైర్డ్ డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)





పోయిన వారం ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. వాళ్లది ఉట్నూరు దిక్కు. ఇంట్లో గోండి మాట్లాడుతరు. సర్కారు డిగ్రీ కాలేజీలో రెండో ఏడు చదువుతున్నది. "సార్, దేశంలో మంచి కాలేజీల జాబితా పేపర్ల చూసిన. అండ్ల మా కాలేజీ లేదు. అంటే మా సార్లకు పాఠం చెప్పరాదన్నట్టా?" అని అడిగింది. అప్పటికప్పుడు నాకు జవాబు దొరకలే. ఇయ్యాల మీ ముందట ఆ జవాబు చెప్పే ప్రయత్నం చేస్త.

ముందుగాల ఆ జాబితా ఎట్ల తయారైతదో చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2015లో జాతీయ ర్యాంకుల విధానం పెట్టింది. ఎన్ఐఆర్ఎఫ్ అంటున్నం గదా, అదే. 2016 ఏప్రిల్‌లో మొదటి జాబితా వచ్చింది. ఐదు అంశాలు తీసుకుంటరు. బోధన, వనరులు ఒకటి. పరిశోధన రెండోది. పాసై పోయినోళ్లకు దొరికిన ఉద్యోగాలు, పై చదువులు మూడోది. ఏయే వర్గాల పిల్లలు వస్తున్నరనేది నాలుగోది. బయటోళ్లల్ల ఆ కాలేజీకున్న పేరు ఐదోది. లెక్కల్లో చాలా మటుకు కాలేజీలే రాసి పంపుతయి.

ఇండ్ల "బోధన" అనే మాట ఉన్నది గదా, అక్కడ ఆగుదాం. 2018 తర్వాత ఏండ్ల తరబడి కాలేజీలకు నడిచిన లెక్క ఇది. ఆ అంశానికి 100 మార్కులు. విద్యార్థుల సంఖ్యకు 20. ఎంతమంది పిల్లలకు ఒక పర్మినెంటు అధ్యాపకుడున్నడు అనేదానికి 30. ఎంతమందికి పీహెచ్‌డీ ఉన్నది, ఎన్నేండ్ల అనుభవం ఉన్నది అనేదానికి 20. ఒక్కో విద్యార్థి మీద కాలేజీ పెట్టే ఖర్చుకు 30. నూరు పూర్తయింది. సారు క్లాసుకు వచ్చిండా, వచ్చి ఏం చెప్పిండు, పిల్లలకు అర్థమైందా అనేదానికి మిగిలింది సున్నా.

ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పత్తి పోతది. సీసీఐ వాళ్లు ఏం చేస్తరు? మిషను పెట్టి తేమ చూస్తరు. 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాకా కోత పెట్టి కొంటరు, ఆపైన వాపసు. ఆ లెక్క మీద రైతుకు వంద తకరార్లు ఉండొచ్చు. కానీ చూసేది మాత్రం పత్తిని. బండి కొత్తదా పాతదా, ఎడ్లు ఎంత ఖరీదైనయి అని చూసి ధర కడితే ఆ యార్డుల రైతు ఊకుంటడా? మన సార్ల బోధనకు మాత్రం బండిని చూసే ధర కడుతున్నరు.

బండి అక్కరలేదని నేను అంటలేను. ఇరవై మందికి ఒక సారు ఉన్నకాడ, నూటయాభై మందికి ఒక సారు ఉన్నకాడ చదువు ఒక్కతీరు ఉండదు. పర్మినెంటు అధ్యాపకులు ఉండాలెననే లెక్క న్యాయమైందే. కానీ ఆ లెక్కలో మార్కులు తక్కువొస్తే తప్పు ఎవలది? పోస్టు నింపనిది సర్కారు. ఆ ఖాళీలో గంటల లెక్కన పైసలు తీసుకొని రోజుకు నాలుగు క్లాసులు చెప్పేది గెస్టు లెక్చరర్. ర్యాంకు పడిపోతే "అక్కడ చదువు చెప్పరట" అనే మాట పడేది మాత్రం ఆ గెస్టు లెక్చరర్ మీద. సర్కారు బాకీని అధ్యాపకుని ఖాతాలో రాస్తున్నరు.

బాసర సంగతి మీకు యాదికున్నది. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ. పది పాసైన పల్లెటూరి పిల్లలు ఆరేండ్లు అక్కడ్నే ఉండి చదువుకుంటరు. 2022 జూన్‌లో ఆ పిల్లలు వారం రోజులు ధర్నా చేసిండ్రు. మెస్సు గురించి, లాప్‌టాప్‌ల గురించి అడిగిండ్రు నిజమే. దాంతో పాటు ఏమడిగిండ్రు? రెగ్యులర్ వైస్ చాన్సలర్ కావాలె, సరిపడా సార్లు కావాలె అని. మంత్రి వచ్చి మాటిచ్చినంకనే లేచిండ్రు. ఏ ర్యాంకుల కమిటీ కన్న ముందు ఆ పిల్లలే రోగం ఎక్కడున్నదో చెప్పిండ్రు.

నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం అన్నప్పుడు మూడో మాటకు అర్థం ఇదే. రాష్ట్రం 2014లో వచ్చింది. యూనివర్సిటీల ఖాళీలు నింపుతమని ఉమ్మడి నియామక బోర్డు బిల్లు శాసనసభ ఆమోదించింది 2022 సెప్టెంబరులో. అది గవర్నర్ దగ్గర ఆగి, అక్కడి నుంచి రాష్ట్రపతి దగ్గరికి పోయింది. 2023లో జూనియర్, డిగ్రీ, పాలిటెక్నిక్ కాలేజీల కాంట్రాక్టు లెక్చరర్లను క్రమబద్ధీకరించినప్పుడు యూనివర్సిటీలోళ్లు బయటనే మిగిలిండ్రు. మన శాతవాహన యూనివర్సిటీ కూడ 2008లో పుట్టిందే. నియామకాలు ఇంత నెమ్మదిగ నడుస్తుంటే వందేండ్ల కాలేజీలతో పోటీ పెట్టి దానికి నంబరు ఇయ్యడం పరుగు పందెంలో ఒకని కాలు కట్టేసినట్టే.

తనిఖీల సంగతి కూడ చెప్త. నేను పనిచేసిన ఒక కాలేజీకి తనిఖీ బృందం వస్తున్నదని తెలిసింది. గోడలకు సున్నాలు పడ్డయి. పూలకుండీలు కిరాయికొచ్చినయి. మూడు వారాలు మేమందరం క్లాసులు బందు పెట్టి ఫైళ్లు రాసినం. బోధన ఎంత బాగ నడుస్తున్నదో రాసే ఫైలు కోసం బోధననే బందు పెట్టినం. ఆ పాపంలో నాకూ వాటా ఉన్నది. ఆ గ్రేడుకు ఎందుకంత భయం? 2013లో వచ్చిన రూసా పథకం నుంచి నిధులు న్యాక్ గుర్తింపుకు ముడిపడ్డయి. లేనోనికి లేదనే శిక్ష ఇది. అంత విలువ పెట్టినకాడ అక్రమం రాకుంట ఉంటదా? 2025 ఫిబ్రవరిలో న్యాక్ తనిఖీకి పోయిన బృందం సభ్యులనే లంచం ఆరోపణ మీద సీబీఐ అరెస్టు చేసింది.

ఇది మన దగ్గరనే కాదు. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ పెద్ద పేరున్నది. అక్కడ ర్యాంకుల కోసం ఇచ్చిన లెక్కలు నమ్మేటట్టు లేవని 2022లో ఆ యూనివర్సిటీ గణితం ప్రొఫెసరే, మైఖేల్ థాడియస్, బయటపెట్టిండు. చిన్న క్లాసులు ఎక్కువున్నయని చూపిన లెక్క కూడ అండ్ల ఉన్నది. అదే ఏడు రెండో ర్యాంకు నుంచి పద్దెనిమిదికి పడ్డది. ఒక్క ఏడాదిలో అక్కడి సార్లందరు పాఠం చెప్పుడు మర్చిపోయిండ్రా?

"అయితే విద్యార్థులనే అడుగుదాం, సార్లకు వాళ్లే మార్కులేస్తరు" అని కొందరంటరు. అడగాలె. కానీ జాగ్రత్తగ అడగాలె. అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఏ విద్యార్థి ఏ సారు దగ్గర పడాలెనో చీటీ తీసినట్టు నిర్ణయిస్తరు. అక్కడి లెక్కలు తీసి కారెల్, వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2010లో ఒక పరిశోధన అచ్చు వేసిండ్రు. మొదటి కోర్సులో మార్కులు బాగ తెప్పించిన సార్లకు విద్యార్థులు మంచి రేటింగ్ ఇచ్చిండ్రు. కానీ ఆ పిల్లలే తర్వాతి పెద్ద కోర్సులల్ల వెనుకబడ్డరు. అనుభవమున్న సార్ల దగ్గర మొదట మార్కులు తక్కువ, తర్వాత గట్టి పట్టు. గట్టిగ చెప్పిన సారు విలువ రెండేండ్లకు తెలుస్తదన్నట్టు. మన దగ్గర గైడు చదివించి పాస్ చేయించుడు బోధన అనుకున్నోళ్లకు ఇది పనికొచ్చే పాఠం. టీవీల నంబర్లు అరిచి అరిచి అడ్మిషన్లు చేసుకున్న ఇంటర్ కాలేజీలను మనం చూసినం. ర్యాంకు వచ్చినోని ఫొటో ఉంటది. రానోళ్లు ఎంతమందో ఆ పోస్టరు మీద ఉండదు.

ఇప్పుడు నా తోటి అధ్యాపకులకు ఒక మాట. కోపం తెచ్చుకోకుండ్రి. ర్యాంకు తప్పని చెప్పి మనం తప్పించుకోవద్దు. క్లాసుకు పోకుండ సంతకం పెట్టినోళ్లు మనలో లేరా? ఇరవై ఏండ్ల కిందటి నోట్సు పసుపుపచ్చగ అయినా అదే చదివినోళ్లు లేరా? కొలిచే బద్ద తప్పంటే, కొలువనే వద్దని కాదు. సరైన బద్ద తేవాలె.

ఆ బద్ద ఎట్లుండాలె? ఒకటి, పిల్ల ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి చేరిందో చూడాలె. తొంభై అయిదు శాతంతో వచ్చినోన్ని తొంభై అయిదుతో పంపుడు గొప్ప కాదు. ఇంట్లో గోండి, కొలామి మాట్లాడి, తెలుగులో బడి చదివి, డిగ్రీలో ఇంగ్లీషు పుస్తకం పట్టిన పిల్లకు డిమాండు, సప్లయి అంటే ఏందో ఉట్నూరు అంగడి లెక్కతో చెప్పి ఒప్పించినోడు గొప్ప సారు. రెండు, చదువు అయిపోయిన రెండేండ్లకు ఆ విద్యార్థులను అడగాలె. మూడు, తోటి సబ్జెక్టు అధ్యాపకుడు వచ్చి వెనుక బెంచీలో కూసొని పాఠం వినాలె. నాలుగు, నిధులు గ్రేడును చూసి కాదు, లేమిని చూసి ఇయ్యాలె.

చివరికి ఆ ఉట్నూరు అమ్మాయికి నా జవాబు. బిడ్డా, ఆ జాబితా మీ సారు పాఠం వినలే. మీ కాలేజీలో ఎన్ని కుర్చీలు నిండినయో, ఎన్ని పైసలు ఖర్చయినయో చూసింది. మీ సారు ఎట్ల చెప్తడో నీకే తెలుసు. మంచిగ చెప్తే ఆ మాట ఊర్ల చెప్పు. చెప్పకపోతే ఆయన మొఖం మీదనే అడుగు.

విద్యార్థి మిత్రులు రేపే ఒక పని చేయాలె. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు పది రూపాయలు. మీ కాలేజీకి మంజూరైన పోస్టులెన్ని, నిండినయెన్ని, ఈ ఏడు ఏ సబ్జెక్టుకు ఎన్ని క్లాసులు జరిగినయని అడగుండ్రి. వచ్చిన జవాబు కాలేజీ గేటుకు అంటించుండ్రి. ర్యాంకు కన్న ముందు తల్లిదండ్రులు చదవాల్సిన కాగితం అదే.