కంటిచూపు - కొలత
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



చలనచిత్ర కళనుగూర్చి ముచ్చటింపుమని కార్యకర్తలు నన్ను కోరిరి. ఆ కళ చాల విశాలమైనది. కావున ఫిలింపై చిత్రము తీయువారికి ప్రతిదినము ఎదురగు ఒక్క ప్రశ్ననే ఎత్తుకొందును. తెరపై నటుని ముఖము స్ఫుటముగా కనబడుటకు ఫోకసును కంటితో చూచి కుదుర్పవలెనా, టేపుతో కొలిచి కుదుర్పవలెనా?

తాపీమేస్త్రీ గోడ నిటారుగా నున్నదని కంటితోనే గ్రహింపగలడు. అయినను తూకపుగుండు దింపక వరుస లేపడు. తన కంటిపై నమ్మకము లేక కాదు. గోడ లేచిన పిదప వంకర దిద్దుట కష్టము గనుక. ఫిలిం సంగతియు నట్టిదే. దానిపై పడిన బొమ్మ ఎట్లున్నదో రసాయనములలో కడిగినగాని తెలియదు. అప్పటికి సెట్టు విప్పబడి యుండవచ్చును. ఒకసారి పండిన అభినయము మరల అట్లే పండునను నమ్మకము లేదు.

కన్ను పొరబడుటకు కారణములు కలవు. వ్యూఫైండరు అద్దమును చూచువాని దృష్టికి సరిపోవునట్లు ముందుగా దిద్దుకొననిచో, స్ఫుటమైనదేదో మసకయేదో తేలదు. లెన్సు ద్వారమును చిన్నది చేసినకొలది లోని బొమ్మ చీకటి యగును. ఆ చిన్న బొమ్మలో దాగిన లోపము పెద్ద తెరపై అందరికిని కనబడును.

అందుచేతనే కెమెరా సహాయకుడు టేపు చేపట్టును. కెమెరా ప్రక్కన ఒక సున్నయు, దానిని ఖండించు గీతయు గుర్తుగా నుండును. లోపల ఫిలిం నిలుచు తావు అదియే. అచ్చటినుండి నటుని కంటివరకు కొలిచి, ఆ దూరమునకు లెన్సును త్రిప్పును. నటుడు నడచి వచ్చునట్లయిన, ఆగు తావులను నేలపై గుర్తించి, అతని అడుగుతోపాటు లెన్సును కదల్చును.

ద్వారపు అంకె తగ్గినకొలది వెలుతురు హెచ్చును, స్ఫుటముగా నుండు మేర తగ్గును. 50 మిల్లీమీటర్ల లెన్సుతో 3 మీటర్ల దూరమున, అంకె 2.8 అయిన ఆ మేర సుమారు అరమీటరు, 0.7 అయిన సుమారు 12 సెంటీమీటర్లు మాత్రమే.

స్టాన్లీ క్యూబ్రిక్ తీసిన ‘బారీ లిండన్’ 1975లో విడుదలయ్యెను. అందలి కొన్ని దృశ్యములను ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్కాట్ కొవ్వొత్తుల వెలుగుననే చిత్రించెను. వాడినది జెయిస్ సంస్థ నాసా కొరకు చేసిన 0.7 లెన్సు. నటుడు కొంచెము వంగినను ముఖము మసకబారును. అందుచే ప్రక్కనుండి ఒక వీడియో కెమెరా నిలిపి, గీతలు గీచిన తెరపై నటుని కదలికను గమనించుచు ఫోకసు సరిచేసిరి. చూచినది కన్నే, కాని గీతల సాయమున చూచినది.

అట్లని టేపు సర్వజ్ఞము కాదు. లెన్సు బిగింపులో లోపమున్నచో దానిపై అంకెలే తప్పగును. ఆ లోపమును పట్టునది కన్ను. 1937లో వచ్చిన ఆరిఫ్లెక్సు కెమెరా, తిరుగు అద్దము మూలమున, చిత్రము తీయుచుండగనే లెన్సుగుండా చూచు సౌకర్యమును కలిగించెను. గుంపులో, వీధిలో, టేపు చాపుటకు వ్యవధి లేనిచోట కన్నే శరణ్యము.

కావున నా మనవి యిది. వ్యవధి యున్నపుడు కంటితో కుదుర్పుడు, టేపుతో సరిచూడుడు. రెండును ఏకీభవింపనిచో కారణము తెలియువరకు ఫిలిం నడపకుడు. నేడు పెక్కు చిత్రములు డిజిటల్ కెమెరాలతో తీయబడుచున్నను, సహాయకులు టేపును విడువలేదు. కెమెరా చేపట్టగోరు మన యువకులు ఈ శాస్త్రమును గ్రంథములలో చదివి, చేతితో అభ్యసింతురుగాక!