సురవరం కలం ఆపిన చోటు నుంచి
(సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం పాఠం)



ఇటిక్యాలపాడు బిడ్డ ప్రతాపరెడ్డి గురించి పాలమూరులో చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. గోలకొండ పత్రిక, 354 మంది కవుల సంచిక, వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లడం మీకు తెలిసినవే. నేను నేరుగా ఆయన పుస్తకం దగ్గరికి వస్తాను. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయన రాజుల వంశావళి పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాలను జల్లెడ పట్టారు. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే వచ్చింది. అప్పటికి ఆయన లేరు. ఆ పుస్తకం 1907 దగ్గర ఆగుతుంది. ఆ తర్వాతి నలభై ఏళ్లు ఆయన స్వయంగా నడిచిన కాలం. దాని సాంఘిక చరిత్ర రాసే పని మనకు మిగిలింది.

ఆ కాలాన్ని ఒక్క కోణంలో చూస్తాను. కుల కట్టుబాటు, మతద్వేషం, ఆడపిల్ల మీద అదుపు అని మనం మూడు అధ్యాయాలు రాస్తున్నాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ కాగితాలు చదివితే మూడు చోట్లా ఎదురుపడేది ఒకే మనుషులు. ఊరి భూమి ఎవరి చేతిలో ఉండాలో, ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో, ఎవరి బిడ్డ ఎవరింటికి వెళ్లాలో తేల్చింది కూడా వాళ్లే.

కాకతీయులను, రాచకొండ వెలమ దొరలను దాటేస్తున్నాను. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాల మీద కావలసినంత రాశారు. గద్వాలను ఆఖరిగా ఏలింది ఆదిలక్ష్మీదేవమ్మ. ఒక స్త్రీ గద్దె మీద ఉన్నంత మాత్రాన కింది స్త్రీల బతుకు మారలేదని మాత్రం చెప్పి ముందుకు పోతాను.

1930లో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి కూడింది. అధ్యక్షులు సురవరం వారే. మహాసభతో పాటు అక్కడే మహిళా సభ కూడా జరిగింది, దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. మరుసటి ఏడు సభలు మన దేవరకొండలో. పురుషుల సభకు బూర్గుల రామకృష్ణారావు, మహిళా సభకు టి. వరలక్ష్మమ్మ. 1936లో షాద్‌నగర్, అక్కడ మహిళా సభకు బూర్గుల అనంతలక్ష్మీదేవి. 1940లో మల్కాపురం, యోగ్యశీలాదేవి. తర్వాత చిలుకూరు, భువనగిరి. ఈ ఊళ్ల పేర్లు పనిగట్టుకుని చదువుతున్నాను. ఇందులో పెద్ద పట్నాలు లేవు. ఘోషా పాటించే దేశ్‌ముఖుల, పట్వారీల ఇళ్ల నడుమ పందిళ్లు వేసి, ఆడవాళ్లు ఆడవాళ్లను కూర్చోబెట్టి బాల్యవివాహం వద్దు, ఘోషా వద్దు, ఆడపిల్లకు చదువు కావాలి, వితంతువుకు మళ్లీ పెళ్లి కావాలి అన్నారు.

చరిత్రకారులు చాలామంది ఈ తీర్మానాలను ఒక వాక్యంలో ముగిస్తారు. నిజాం సర్కారు 53వ నంబరు గస్తీ ఉత్తర్వు కింద అనుమతి లేకుండా సభ పెట్టే వీలు లేదు, రాజకీయం మాట్లాడే వీలు లేదు కనుక సంఘసంస్కరణ మాట్లాడుకున్నారు అంటారు. అంటే అది భద్రమైన విషయమనా? సర్కారుకు భద్రమే, ఇంటికి కాదు. వితంతు వివాహమనే మాట ఎత్తితే సనాతనులు లేచి నిలబడేవారు. జోగిపేటలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ వేదిక మీద మాట్లాడబోతే కూడా కొందరు సనాతనులే అభ్యంతరం చెప్పారు. దళితుడు వేదిక ఎక్కకూడదన్న నోరే వితంతువు పీటల మీద కూర్చోకూడదంది. మన చరిత్రలో ఇవి రెండూ వేరు వేరు పేజీల్లో పడ్డాయి. నా జీవితంలో సింహభాగం ఈ రెండు పేజీలను పక్కపక్కన పెట్టడానికే పోయింది, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతున్నాను.

చదువు సంగతే చూడండి. మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాద్ నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల పెట్టారు. తెలుగులో చదువు చెప్పే బడికి సర్కారు గుర్తింపు లేదు. అందుకని ఆ ఆడపిల్లలు పుణేలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాశారు. సొంత రాజధానిలో సొంత భాషలో చదివిన పిల్ల మరాఠీ దేశం పరీక్ష రాస్తే గాని చదువుకున్నట్టు లెక్క కాలేదు. దాని మీద ఇంట్లో ఇంకో పరీక్ష: ఇంత చదివిన పిల్లకు వరుణ్ణి ఎక్కడ తెస్తామని.

ఈ సభల వెలుగు పడని చోటు కూడా ఉంది. దేశ్‌ముఖుల ఇళ్లలో ‘ఆడబాప’లు ఉండేవారు. దొర బిడ్డ అత్తవారింటికి పోతే సారెతో పాటు ఆ పిల్లలనూ పంపేవారు. వాళ్లకు పెళ్లి లేదు, పుట్టిన బిడ్డకు తండ్రి పేరు లేదు. ఘోషా వద్దని తీర్మానించిన కొన్ని ఇళ్ల పెరట్లోనే ఈ పిల్లలు నీళ్లు తోడుతూ ఉండి ఉంటారు. ఆ మాట మన మహిళా సభల్లో గట్టిగా వినబడలేదన్నది నా బాధ. అది వినబడింది కమ్యూనిస్టుల ‘సంఘం’ ఊళ్లోకి వచ్చినప్పుడు. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ నాలుగెకరాల పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది. చాకలి కులం, పైగా ఆడది, అయినా కౌలు భూమి నాదంది. దొరకు ఈ మూడూ కలిపి ఒకే నేరంగా కనిపించాయి. కొలనుపాక కోడలు ఆరుట్ల కమలాదేవి, కరివిరాల కొత్తగూడెం నుంచి మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టిన సంగతి మీరెరుగుదురు. ‘స్త్రీలు పోరాటానికి సహకరించారు’ అనే వాక్యం ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తోంది. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివాక కూడా ఆ వాక్యం రాసేవాళ్లతో నాకు మాట కలవదు. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటం ఆగగానే, దళంలో రాత్రింబవళ్లు నడిచిన ఆడవాళ్లలో ఎందరినో ఇంటికి పొమ్మన్నారు. మగవాళ్లను ఎన్నికలకు పొమ్మన్నారు.

ఇక మతం. ఇక్కడ నాకు రెండు వర్గాల పండితులతో పాత జగడం ఉంది. సమయం తక్కువైనా దీన్ని వదలను.

ఒక వర్గం నిజాం కాలమంతా గంగా జమునా తెహజీబ్, అంటే హిందూ ముస్లింల కలివిడి సంస్కృతి, అంటుంది. దానికి సాక్ష్యంగా మన పీర్లను చూపిస్తుంది. నిజమే. పాలకవీడు దగ్గర జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుని బిడ్డకు సైదులనో, సైదమ్మనో, సైదిరెడ్డనో పేరు పెట్టుకున్న హిందువుల ఇళ్లు ఆ చుట్టుపట్ల ఎన్నో. పీర్ల పండుగకు సాయిబు లేని ఊళ్లో కూడా పీరును ఎత్తుతారు. దట్టీలు కడతారు, కుడుకల దండలేస్తారు, ఊదు పొగలో మలీద పంచుతారు. సవారీ గుమ్మం ముందుకు వస్తే ఇంటి ఆడవాళ్లు బిందెతో నీళ్లు తెచ్చి పీరు ఎత్తినవాడి కాళ్ల మీద పోస్తారు. ఆ తడి మట్టి తీసి పసిపిల్ల నొసట పెడతారు. ఇది జనం పెంచుకున్న బంధం. దీన్ని తీసుకెళ్లి నిజాం ఖాతాలో జమ కట్టడం అన్యాయం. అలావా గుండం చుట్టూ కలిసి ఆడిన మాదిగ, చాకలి, దూదేకుల కుటుంబాలే తెల్లవారి గడీకి వెట్టికి పోయాయి.

రెండో వర్గం ఆ కాలాన్ని ముస్లిం దొరతనం కింద హిందువుల నరకమంటుంది. వాళ్లను దేవరుప్పుల దగ్గర కామారెడ్డిగూడెం రమ్మంటాను. అక్కడ రోడ్డు పక్కనే షేక్ బందగీ సమాధి ఉంది. విసునూరు దొర రాంచంద్రారెడ్డి అండ చూసుకుని సొంత అన్న భూమి కాజేయబోతే, ఆ పేద రైతు కోర్టుకెక్కి గెలిచాడు. 1940లో దొర మనుషులు నరికేశారు. చచ్చింది ముస్లిం, చంపించింది హిందువు, అతని కథతో వచ్చిన ‘మాభూమి’ నాటకాన్ని నెత్తికెత్తుకున్నది తెలుగు పల్లె. 1947-48లో రజాకార్లు ఊళ్ల మీద పడ్డప్పుడు గడీల దొరలు ఎందరో వాళ్ల పక్కన నిలబడ్డారు. ఇందులో ఏది హిందూ పక్షం, ఏది ముస్లిం పక్షం? రజాకార్ల ఘోరాలను నేను ఒక్క అక్షరం తగ్గించను. అదే నోటితో, పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగింది కూడా చెప్పాలి. దాన్ని విచారించిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఔరంగాబాద్, బీడ్, మెదక్‌లతో కలిపి మన నల్లగొండను పేర్కొంటుంది. ఆ నాలుగు జిల్లాల్లో కనీసం 5 వేల ప్రాణాలు పోయాయని రాసింది. సెప్టెంబరు 17న విమోచనమా, విలీనమా అని మైకుల ముందు గొంతు చించుకునే ఇరుపక్షాల్లో ఎవరూ ఆ పేజీ తెరవరు.

పండితులు చూడని ఇంకో సంగతి ఉంది. పోలీసు చర్య గాయాలు పచ్చిగా ఉన్న రోజుల్లోనే హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో అక్కడి రైతులు మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపారు. ఆయన ఉర్దూ కవి, మెదక్ జిల్లా అందోలులో పుట్టినవాడు. రజాకార్ల దాడులు చూసిన తాలూకా ఒక ముస్లింకు ఓటేసింది. ఆ ఎన్నికను మతద్వేషపు సిద్ధాంతంలోనూ, తెహజీబ్ సిద్ధాంతంలోనూ ఇమిడ్చి చూపించమని ఇరుపక్షాలనూ అడుగుతూనే ఉన్నాను.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. చివరి డెబ్బై ఏళ్లు గబగబా చెబుతాను.

రాష్ట్రాలు మారాయి, గడీలు పాడుబడ్డాయి. నారాయణపేట, మక్తల్, ఊట్కూరు వైపు దళిత ఆడపిల్లలను ఎల్లమ్మ పేరిట జోగినులుగా విడవడం సాగింది. 1988లో నిషేధ చట్టం వచ్చింది. వాళ్ల పిల్లలు బడిలో తండ్రి పేరు గడి దగ్గర ఆగిపోయారు, ఆడబాప బిడ్డలకున్న చిక్కే ఇది. దేవరకొండ తండాల్లో వరుసగా పుట్టిన ఆడబిడ్డలను దత్తత పేరుతో అమ్ముకున్న వ్యవహారం 1999, 2001లలో పత్రికలకెక్కింది. అప్పుడు లంబాడా తల్లులను రాతిగుండెవాళ్లన్నారు, కట్నాన్నీ కరువునూ అనలేదు. వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క ఉపన్యాసానికి సరిపడేది.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భిణి భార్యను ఆసుపత్రిలో చూపించుకుని బయటికి వస్తున్న యువకుణ్ణి ఆమె కళ్లెదుటే నరికి చంపారు. అతను దళిత క్రైస్తవుడు, ఆమె వైశ్య కుటుంబం పిల్ల. చంపించాడని అభియోగం మోసిన ఆమె తండ్రి 2020లో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు రెండో నిందితుడికి మరణశిక్ష, మిగతా ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఇది కుల హత్యా, మత ద్వేషమా, కూతురి మీద తండ్రి పెత్తనమా అని టీవీల్లో వాదించారు. మూడూ. విడదీయడానికి అందులో సందే లేదు.

ఇలాంటి పెత్తనానికి చట్టంలోనూ ఒక సందుంది. మతాలు వేరైన జంట మతం మారకుండా పెళ్లాడాలంటే సాధారణంగా 1954 ప్రత్యేక వివాహ చట్టమే దారి. దాని ప్రకారం ఇద్దరి పేర్లూ చిరునామాలూ రాసిన నోటీసును రిజిస్ట్రారు కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటించి 30 రోజులు ఆగాలి. మేనమామ, కులపెద్ద, ఊళ్లో మతం పేరు చెప్పుకు తిరిగే కుర్రాళ్లు, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. ఆ భయంతోనే ఎన్నో జంటలు ఆ గడప తొక్కడం లేదు. ఈ సభ నుంచి నాకు కావలసింది ఒక్క తీర్మానం. ఆ 30 రోజుల నోటీసు నిబంధనను చట్టంలోంచి తొలగించాలని మన పార్లమెంటు సభ్యులను కోరుతూ ఈ పూటే సంతకాలు చేద్దాం. కాగితం అధ్యక్షుల బల్ల మీద పెట్టాను.