సగటు చెప్పని సంగతి

"ఎకరమునకు సగటున పది క్వింటాళ్లు" అన్న మాట వినగానే మనకు ఒక నిశ్చింత కలుగును. ఆ పది యే సంఖ్యలనుండి పుట్టినదో యని అడుగువారు అరుదు.

రెండు మొక్కజొన్న ప్రాంతములను ఊహింతము. ఒకటి కరీంనగర్ వైపున కాకతీయ కాలువ నీరందునది. రెండవది మబ్బునే నమ్ముకొన్న ఆదిలాబాదు మెట్ట. అంకెలు లెక్క సులువుకై నేను వేసికొన్నవే. మొదటిదానిలో అయిదేండ్ల పంట 9, 10, 10, 10, 11 క్వింటాళ్లు. రెండవదానిలో 2, 16, 4, 18, 10. రెండింటి సగటును పదియే! కాని రెండు క్వింటాళ్లు పండిన ఏట ఆ ఇంట గింజ లేదు, అప్పు కలదు.

ఈ చెదరును కొలుచు టెట్లు? సగటునుండి ఒక్కొక్క ఏటి తేడాను ఉన్నదున్నట్లు కూడినచో, హెచ్చును తగ్గు మ్రింగి సున్నయే మిగులును. అందుచే ప్రతి తేడాను వర్గము చేసి, వాని సగటు తీసి, వర్గమూలము కట్టవలెను. అదియే ప్రామాణిక విచలనము. మొదటిచోట అది 0.63, రెండవచోట 6.32. దానిని సగటులో శాతముగా చెప్పినచో విచలనాంకము: మొదట 6, పిదప 63.

ఇది బడిలెక్క మాత్రమే కాదు. 1999–2000 రబీలో మొదలైన జాతీయ వ్యవసాయ బీమా పథకము పదేండ్ల దిగుబడుల విచలనాంకమును చూచియే హామీని నిర్ణయించెడిది. అది 15 శాతము లోపయినచో సగటు పంటలో 90 శాతమునకు, 30 లోపయినచో 80కి, ఆపై నున్నచో 60కి మాత్రమే హామీ. మన రెండు ప్రాంతములును పదేండ్లు ఇదే తీరున నడచెననుకొన్నచో, కాలువ రైతునకు తొమ్మిది క్వింటాళ్ల హామీ, మెట్టరైతునకు ఆరు. ఎవనికి భయము హెచ్చో వానికే అండ తక్కువ! బీమావారి ఖాతాకు ఇది సరియే. రైతు గాదెకు మాత్రము కాదు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ఆ కనీసమును 70 శాతము చేసినది. 2020లో తెలంగాణము ఆ పథకమునుండి వైదొలగినది.

మరియొక చిక్కు. ఆ దిగుబడి, ఎంచిన కొన్ని చేలలో పంట కోసి తూచి, ప్రాంతమంతటికిని కట్టిన సగటు. ఒక్క రైతు చేనిలో అడవిపందులు పడి కంకి మిగులనీయకున్నను, చుట్టుపట్ల పంట బాగున్నచో ఆ సగటు కదలదు. ఆ యేడు ఆ రైతు కూడ కాగితముపై పది క్వింటాళ్లు పండించినవాడే.