నొప్పి తగ్గినా వ్యాయామం మానొద్దు

2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు దెబ్బతిన్న క్రికెటర్ రిషభ్ పంత్ 2024 మార్చిలో మళ్లీ మైదానంలో దిగాడు. శస్త్రచికిత్స ముంబయిలో జరిగింది. కాలికి బలం తెచ్చింది మాత్రం బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీలో నెలల తరబడి సాగిన పునరావాస శిక్షణ. కదలిక లేకపోతే తొడ కండరం కొద్ది వారాల్లోనే సన్నబడుతుంది, కీలు బిగుసుకుంటుంది. నొప్పి ముందే తగ్గుతుంది గానీ బలం ఆలస్యంగా వస్తుంది.

‘ఆటగాళ్లకు సరే, మాకంత డబ్బూ తీరికా ఎక్కడివి?’ అనొచ్చు. నిజమే, కానీ రోజూ ఆసుపత్రికి వెళ్లక్కర్లేదు. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని అదిమి, తొడ బిగించి ఐదు సెకన్లు ఉంచడం ఇంట్లోనే చేయొచ్చు. ఎన్నిసార్లు చేయాలో, ఎప్పుడు పెంచాలో ఫిజియోథెరపిస్టునే అడగండి. వారు చాలనేదాకా మానకండి.